గీజరు నీళ్లు వాషింగ్ మెషిన్‌కు ఇవ్వాలా? ఏ కనెక్షన్ ఎవరికి తగును

గత చలికాలం మా ఇంట్లో ఒక వింత మొదలైంది. వాష్ బేసిన్‌లో చన్నీళ్ల కుళాయి తిప్పితే గోరువెచ్చని నీళ్లు వస్తున్నాయి. ఫ్లష్ ట్యాంకు మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగులుతోంది. షవర్ కింద నిలబడితే మాత్రం వేడి చాలడం లేదు. ఎవరూ స్నానం చేయని మధ్యాహ్నం వేళ కూడా గీజరు ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. థర్మోస్టాట్ పోయిందని ఒకరు, గీజరు పాతబడింది మార్చేయమని ఇంకొకరు. నేను కొత్త గీజరు ధరలు కూడా చూసి పెట్టుకున్నాను.

తీరా చూస్తే గీజరు నిక్షేపంగా ఉంది. నెల కిందట వాషింగ్ మెషిన్ బిగించడానికి వచ్చిన ప్లంబరు, గోరువెచ్చని నీళ్లయితే మురికి బాగా వదులుతుందని చెప్పి, వేడినీళ్ల లైనునూ చన్నీళ్ల లైనునూ ఒక వై జాయింటుతో కలిపి మెషిన్‌కు ఇచ్చి వెళ్లాడు. రెండు కుళాయిలూ ఎప్పుడూ తెరిచే ఉంచమన్నాడు. మెషిన్ నడిచే గంటసేపు అది పనికొచ్చేది. మిగతా ఇరవై మూడు గంటలూ ఆ జాయింటు మా ఇంటి వేడి, చల్లని లైన్లను ఒకటి చేసి కూర్చుంది.

ఆ తరువాత తెలిసినవాళ్ల ఇళ్లలో చూశాను. బాత్‌రూమ్‌లోనే మెషిన్ పెట్టుకున్న చాలా చోట్ల ఇలాంటి అతుకు ఏదో ఒకటి ఉంది. మెషిన్‌కు నీళ్లు ఎక్కడి నుంచి తీసుకోవాలో తేల్చుకోలేక ఉన్నవారి కోసం, ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాను. నా మొగ్గు ఎటో దాచను: మన ప్రాంతపు నీళ్లకు, మన ఇళ్లకు చాలా మందికి చన్నీళ్ల లైను ఒక్కటే చాలు.

## ముందు చూడవలసినవి

మెషిన్ కంపెనీ, గీజరు కంపెనీ ఇక్కడ పెద్ద విషయం కాదు. పైపు ఎక్కడ కోసి టీ (మూడు కొమ్మల జాయింటు) వేశారన్నదే అసలు విషయం. ఏ దారినైనా ఈ ప్రశ్నలతో తూచండి.

రెండు లైన్లు ఎక్కడైనా కలుస్తున్నాయా? మెషిన్ లోపలి వాల్వు మూసి ఉన్నప్పుడు కూడా వేడి, చల్లని పైపుల మధ్య దారి తెరిచి ఉంటే, ఇంట్లో ఏ కుళాయి తిప్పినా నీళ్లు తేలికైన దారి వెతుక్కుంటాయి. చన్నీళ్ల కుళాయి తిప్పితే కొంత నీరు నేరుగా, కొంత గీజరు గుండా చుట్టు తిరిగి వస్తుంది. వేడినీళ్ల కుళాయి తిప్పితే అదే జాయింటు గుండా చన్నీళ్లు దూరి వేడిని చంపేస్తాయి. మా ఇంట్లో జరిగింది ఇదే. ఇది చిరాకుతో ఆగేది కూడా కాదు. చాలా ఇళ్లలో వేడినీళ్లకు సీపీవీసీ, చన్నీళ్లకు యూపీవీసీ పైపులు వేస్తారు. యూపీవీసీ 60 డిగ్రీల వేడి దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది. గోడలోపలి చన్నీళ్ల పైపులోకి రోజూ గీజరు నీళ్లు పోతుంటే ఏదో ఒక జాయింటు వదులవుతుంది. అప్పుడు తెలిసేది గోడ మీద చెమ్మ మరకతోనే.

గీజరు ఎప్పుడూ నిండుగా ఉంటుందా? గీజరులో నీళ్లు లేకుండా కాయిల్ వేడెక్కితే అది కాలిపోతుంది. వేడి మితిమీరితే కరెంటు ఆపే లోపలి కటౌట్ స్విచ్ కాపాడవచ్చు, కాపాడకపోవచ్చు. అందుకే గీజరుకు నీళ్లు వెళ్లే వైపు ఒక సేఫ్టీ వాల్వు బిగిస్తారు. అందులో రెండు పనులు కలిసి ఉంటాయి: ఒత్తిడి మితిమీరితే నీళ్లు బయటికి వదలడం, గీజరులోని నీళ్లు వెనక్కి పోకుండా ఆపడం. ఈ రెండో పని చేసే భాగాన్నే ప్లంబర్లు ఎన్ఆర్‌వీ అంటారు.

మెషిన్ ఎంత వేడి తట్టుకుంటుంది? ఒకే ఇన్‌లెట్ ఉన్న మెషిన్లలో చాలావాటిని చన్నీళ్ల కోసమే తయారు చేస్తారు. మెషిన్‌తో వచ్చే పుస్తకంలో నీటి వేడి గరిష్ఠ పరిమితి రాసి ఉంటుంది. గీజరులో నీళ్లు 65, 70 డిగ్రీల దాకా కాగుతాయి. ఆ నీళ్లు రబ్బరు వాషర్ల మీద, ప్లాస్టిక్ వాల్వు మీద నేరుగా పడతాయి.

ఒత్తిడి చాలుతుందా? ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే అంత ఒత్తిడి. 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్. పై అంతస్తులో ఉండేవారికి ట్యాంకు నెత్తిమీదే ఉంటుంది కనుక మెషిన్ దగ్గర 0.3, 0.4 బార్ కంటే ఎక్కువ దొరకదు. చాలా మెషిన్లకు కనీసం 0.3 నుంచి 0.5 బార్ కావాలి. ఆ కాస్త ఒత్తిడిని గీజరు, వాల్వులు, అరడజను ఎల్బోల గుండా తిప్పితే మెషిన్ నీళ్లు రావడం లేదని కేక పెడుతుంది.

కరెంటు ఎంత? లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.16 వాట్ అవర్లు పడుతుంది. కింది లెక్కలన్నీ దీని మీదే వేశాను.

ఇవి కాక చర్చకు పెట్టకూడని నియమం ఒకటుంది. గీజరు, మెషిన్ ఏ పద్ధతిలో కలిసినా కలవకపోయినా రెండింటికీ సరైన ఎర్తింగ్, ఇంటి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. కాయిల్ పగిలిన గీజరు నీళ్లకే కరెంటు ఎక్కిస్తుంది. ఎర్తింగ్ లేని ఇంట్లో మెషిన్ కనెక్షన్ గురించి ఆలోచించడం అనవసరం. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

## చన్నీళ్ల లైను నుంచి విడిగా ఒక కుళాయి

గీజరుతో సంబంధమే లేకుండా, ఏదైనా చన్నీళ్ల పైపు నుంచి టీ తీసి మెషిన్‌కు ప్రత్యేకంగా ఒక కుళాయి పెట్టడం. ఇందులో లైన్లు కలవవు, గీజరు ఖాళీ కాదు, మెషిన్‌కు వేడి తగలదు. పైప్ తక్కువ మలుపులతో వస్తుంది కాబట్టి ఒత్తిడి కూడా మిగిలిన వాటికంటే మేలు.

మరి మురికి వదలదా అంటే, రోజువారీ బట్టలకు మన చన్నీళ్లు చాలినంత వెచ్చగానే ఉంటాయి. డాబా మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నవారిని అడగండి, మే నెల మధ్యాహ్నం చన్నీళ్ల కుళాయి కింద చెయ్యి పెట్టగలరేమో. రామగుండంలోనో విజయవాడలోనో ఎండాకాలం వేడినీళ్ల లైను వేయించుకోవడం సముద్రానికి ఉప్పు మోసినట్టే. ఇబ్బంది డిసెంబరు, జనవరిలోనే. అదీ ఆదిలాబాద్, అరకు లాంటి చోట్ల నిజమైన ఇబ్బంది. ఆ రెండు నెలలు సబ్బు పొడికి బదులు లిక్విడ్ వాడి, బట్టలు కొంచెంసేపు నానబెట్టే ప్రోగ్రామ్ పెట్టుకుంటే సరిపోతుంది. చన్నీళ్లలో పొడి సరిగా కరగక నల్ల బట్టల మీద తెల్ల చారలు పడటమే చాలా మంది చేసే ఫిర్యాదు.

ఇంకో మాట. రక్తం, పాలు, గుడ్డు మరకలున్న బట్టలకు మొదటే వేడినీళ్లు తగిలితే మరక బట్టలో గట్టిపడుతుంది. వాటికి చన్నీళ్లే మందు.

## గీజరు ఇన్‌లెట్ దగ్గర టీ

బాత్‌రూమ్‌లో మెషిన్ పెట్టి, గోడ పగలగొట్టడం ఇష్టం లేనప్పుడు ప్లంబరు చూపే మొదటి దారి ఇది. గీజరుకు నీళ్లు వెళ్లే చోట యాంగిల్ కాక్ (గోడకు బిగించే చిన్న కుళాయి) దగ్గర ఒక టీ వేసి, ఒక కొమ్మ గీజరుకు, ఒక కొమ్మ మెషిన్‌కు. మెషిన్‌కు వచ్చేది చన్నీళ్లే. ఖర్చు తక్కువ, పని అరగంట. ఇందులో తప్పు లేదు, టీ సరైన చోట ఉంటే.

సరైన చోటు అంటే సేఫ్టీ వాల్వు కంటే ముందు. గోడ నుంచి వచ్చే క్రమం ఇలా ఉండాలి: గోడలోని పాయింటు, యాంగిల్ కాక్, టీ, ఆపైన సేఫ్టీ వాల్వు, ఆపైన గీజరు. వాల్వు మీద బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం గీజరు వైపు చూడాలి.

తప్పు చోటు అంటే సేఫ్టీ వాల్వుకూ గీజరుకూ మధ్య. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా నాలుగు అంగుళాలు. కానీ టీ అక్కడ పడితే మెషిన్ గీజరు కడుపులోంచి కూడా నీళ్లు లాగగలదు. మామూలు రోజుల్లో ఇది బయటపడదు, ఎందుకంటే ట్యాంకు నీళ్లు తోస్తూనే ఉంటాయి. ట్యాంకు ఖాళీ అయిన రోజు కథ వేరు. మెషిన్ నింపుకోవడానికి వాల్వు తెరిచి ఉంటుంది. నీళ్లు వచ్చాయేమో చూద్దామని ఎవరో షవర్ తిప్పుతారు. ఆ షవర్ గుండా పైపులోకి గాలి దూరుతుంది. గాలి దూరగానే గోడ మీది గీజరులోని నీళ్లు ఇన్‌లెట్ దారిన కిందనున్న మెషిన్‌లోకి దిగిపోతాయి. గీజరుకు నీళ్లు చేరే దారి తొట్టి అడుగునే ఉంటుంది కాబట్టి దాదాపు అంతా ఖాళీ అవుతుంది. అప్పుడు గీజరు స్విచ్ వేసి ఉంటే కాయిల్ సంగతి చెప్పనక్కరలేదు.

అసలు సేఫ్టీ వాల్వే లేకుండా మామూలు నిపిల్‌తో గీజరు బిగించిన ఇళ్లూ ఉన్నాయి. బొట్లు కారుతోందని వాల్వు తీసి పారేసినవాళ్లూ ఉన్నారు. అలాంటి చోట టీ ముందు వేసినా వెనక వేసినా ఒకటే. అపార్ట్‌మెంట్లలో ఇంకో విచిత్రం కూడా జరుగుతుంది: ట్యాంకు ఖాళీ అయినప్పుడు మీ గీజరు నీళ్లు కింది అంతస్తువారి కుళాయిలో పడతాయి. వాల్వు వేడెక్కే సమయంలో కొన్ని బొట్లు కార్చడం దాని ధర్మం. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు కాగితే పరిమాణం అర లీటరుకు పైగా పెరుగుతుంది. ఆ అర లీటరు వెళ్లడానికి దారి ఉండాలి. కారే గొట్టానికి సన్నటి పైపు తగిలించి డ్రెయిన్‌లో వదలండి, మూత మాత్రం బిగించకండి.

## గీజరు ఔట్‌లెట్ నుంచి నేరుగా

వేడినీళ్ల పైపు నుంచే టీ తీసి, ఒకే ఇన్‌లెట్ ఉన్న మెషిన్‌కు ఇవ్వడం. లైన్లు కలవవు అన్నది తప్ప దీనిలో నాకు మంచి కనిపించలేదు.

ఒకే ఇన్‌లెట్ ఉన్న మెషిన్ ఉతకడానికీ జాడించడానికీ అదే పైపు నుంచి నీళ్లు తీసుకుంటుంది. అంటే సబ్బు పోగొట్టడానికి వాడే నీళ్లు కూడా వేడివే. టాప్ లోడ్ మెషిన్ ఒక విడతకు 120 లీటర్లు వాడిందనుకుందాం. అన్నీ 28 నుంచి 60 డిగ్రీలకు కాచాలంటే నాలుగున్నర యూనిట్లు. 2 కిలోవాట్ల గీజరు రెండు గంటలకు పైగా ఆగకుండా కాగాలి. నిజానికి 15 లీటర్ల గీజరు అంత ఇవ్వలేదు. మొదటి నింపుడులో కాసేపు మరుగుతున్నట్టున్న నీళ్లు, తరువాత గోరువెచ్చనివి, జాడించేవేళకు చల్లనివి. బట్టలకు ఏ వేడి తగిలిందో ఎవరికీ తెలియదు. పట్టు, ఎలాస్టిక్ ఉన్న బట్టలు వేసినవారికి మాత్రం మర్నాడు తెలుస్తుంది.

ఫ్రంట్ లోడ్‌లో మరో చిక్కు. ఇది కొద్దికొద్దిగా నీళ్లు తీసుకుంటుంది. అర అంగుళం సీపీవీసీ పైపు 10 మీటర్ల పొడవులో లీటరుకు పైగా చల్లారిన నీళ్లను పట్టుకుని ఉంటుంది. గీజరు బాత్‌రూమ్‌లో, మెషిన్ వంటింటి వెనక బాల్కనీలో ఉంటే, మెషిన్ తీసుకునే ప్రతి విడతలో ఆ చల్లారిన నీళ్లే ముందు వస్తాయి. వేడి చేసిన కరెంటంతా గోడకు పోతుంది.

బోరు నీళ్లు వాడేవారికి ఇంకా నష్టం. గట్టి నీళ్లు కాగితే గీజరు లోపల తెల్లటి పొలుసు కడుతుంది. ఆ పొలుసు రేకులై లేచి వేడినీళ్ల పైపులో కొట్టుకొచ్చి, మెషిన్ ఇన్‌లెట్ దగ్గరి జాలీలో ఇరుక్కుంటుంది. మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే హైదరాబాదు ఇళ్లలో ఇది తక్కువ. అవే వీధుల్లో ట్యాంకర్ నీళ్ల మీదా బోరు మీదా బతికే అపార్ట్‌మెంట్లలో మూడు నెలలకోసారి ఆ జాలీ తీసి తోమాల్సిందే.

గీజరు ఏ రకమన్నదీ చూసుకోవాలి. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు మీద ఈ ప్రయత్నం శుద్ధ దండగ. మెషిన్ నిమిషానికి 6 లీటర్లు లాగితే, అది నీటిని 7 డిగ్రీలకు మించి వేడెక్కించలేదు. గ్యాస్ గీజరైతే అసలు వద్దు. మెషిన్ వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ మంట వెలుగుతుంది, మూసుకున్న ప్రతిసారీ ఆరుతుంది. అది మూసిన యూటిలిటీ గదిలో ఉంటే, మనుషులు దగ్గర లేని వేళ కార్బన్ మోనాక్సైడ్ పేరుకునే అవకాశం ఉంది.

## వై జాయింటు

మా ఇంటి కథ ఇదే కనుక దీని మీద నాకు కాస్త కోపం ఉంది. అయినా న్యాయంగా చూద్దాం. వేడి, చల్లని పైపుల్లో కుళాయిలు కొంచెం కొంచెం తిప్పి కావలసిన వేడి తెచ్చుకోవచ్చు. ఉద్దేశం మంచిదే. తప్పంతా మూడో కొమ్మ చివర మెషిన్ వాల్వు ఉండటంలో ఉంది. షవర్ మిక్సరులో నీళ్లు కలిసి బయటికి పోతాయి. ఇక్కడ మెషిన్ మూసుకున్నాక బయటికి దారి లేదు, అటూ ఇటూ దారి తెరిచే ఉంది.

దీనికి మందు ఉంది. వై కంటే ముందు రెండు కొమ్మల్లోనూ ఒక్కో ఎన్ఆర్‌వీ వేయాలి. ఒక్క కొమ్మలో వేస్తే సగం రోగమే పోతుంది: వేడినీళ్ల వైపు మాత్రమే వేస్తే చన్నీళ్లు గీజరు లైనులోకి పోకుండా ఆగుతాయి కానీ వేడినీళ్లు చన్నీళ్ల లైనులోకి పోతూనే ఉంటాయి. రెండూ వేసినా పై అంతస్తువారికి ఒత్తిడి చాలకపోవచ్చు, ఎందుకంటే స్ప్రింగు ఉన్న ఎన్ఆర్‌వీ తెరుచుకోవడానికే కొంత ఒత్తిడి తింటుంది. పైగా ఎన్ఆర్‌వీలో చిన్న ఇసుక రేణువు ఇరుక్కున్నా మళ్లీ మొదటికే వస్తుంది.

ఎన్ఆర్‌వీలు వేయించే ఓపిక లేకపోతే ఒకటే షరతు: ఉతుకు అయిన వెంటనే రెండు కుళాయిలూ కట్టేయాలి. మా ఇంట్లో ఈ షరతు మూడు రోజులు నిలిచింది.

బాత్‌రూమ్ మిక్సరు కిందనున్న హ్యాండ్ షవర్ పాయింటు నుంచి మెషిన్‌కు గొట్టం తగిలించడం కూడా వై జాయింటే, పేరు వేరు. మిక్సరులో రెండు పిడులూ తెరిచి, చివర మెషిన్ మూసుకుంటే జరిగేది అదే.

## రెండు ఇన్‌లెట్లున్న మెషిన్

వేడికి ఒకటి, చలువకు ఒకటి రెండు గొట్టాలు తీసుకుని లోపలే కలుపుకునే మెషిన్లు ఉన్నాయి. లోపల ఒక్కోదానికి ఒక్కో వాల్వు, రెండూ మామూలుగా మూసి ఉంటాయి. కాబట్టి లైన్లు కలవవు. జాడింపుకు చన్నీళ్లే వాడుతుంది. గీజరు నుంచి వేడినీళ్లు ఇవ్వాలని పట్టుదల ఉన్నవారికి ఇదే శాస్త్రీయమైన దారి.

అమెరికాలో ఇంటింటా ఇదే పద్ధతి. అక్కడికి కొత్తగా వెళ్లి అపార్ట్‌మెంట్‌లో సొంతంగా మెషిన్ బిగించుకునే మనవాళ్లు చేసే పొరపాటు ఒకటే: గొట్టాలు తారుమారు చేయడం. చన్నీళ్ల ప్రోగ్రామ్ పెట్టినా వేడినీళ్లు వస్తుంటే మెషిన్‌ను తిట్టకముందు వెనక గొట్టాలు చూడండి. ఎర్ర గుర్తు వేడి, నీలి గుర్తు చలువ. బ్రిటన్‌లో చాలా మెషిన్లు మనలాగే చన్నీళ్లు ఒక్కటే తీసుకుంటాయి.

ఇక్కడ కొనాలంటే మోడళ్లు తక్కువ. గీజరు మెషిన్‌కు దగ్గరగా, కనీసం 25 లీటర్లది ఉంటేనే పెట్టిన ఖర్చు దక్కుతుంది.

## మెషిన్‌లోనే హీటరు

ఫ్రంట్ లోడ్ మెషిన్లన్నిటిలో దాదాపు, టాప్ లోడ్‌లో కొన్నిటిలో లోపలే కాయిల్ ఉంటుంది. చన్నీళ్లు తీసుకుని, ఉతుకు నీళ్లను మాత్రమే కావలసిన డిగ్రీకి కాస్తుంది. ఫ్రంట్ లోడ్ ఉతుకుకు తీసుకునేది దాదాపు 15 లీటర్లు. 28 నుంచి 40 డిగ్రీలకు ఐదో వంతు యూనిట్, 60 డిగ్రీలకు అర యూనిట్‌కు కాస్త ఎక్కువ. ఇందాకటి నాలుగున్నర యూనిట్లతో పోల్చి చూడండి.

వేడిని నెమ్మదిగా పెంచడం వల్ల సబ్బులోని ఎంజైములు మధ్యలో పనిచేసే వీలుంటుంది. గీజరు నీళ్లు ఒక్కసారి 65 డిగ్రీలతో పడితే వాటికి ఆ అవకాశం ఉండదు. పసిపిల్లల గుడ్డలు, జబ్బుపడినవారి దుప్పట్లు 60 డిగ్రీలలో ఉతకాలనుకునేవారికి డిగ్రీ నిజంగా చేరిందన్న నమ్మకం దీనిలోనే దొరుకుతుంది.

లోటుపాట్లు: ఉతుకు సమయం పెరుగుతుంది, గట్టి నీళ్లకు ఈ కాయిల్ మీదా పొలుసు కడుతుంది, మెషిన్ ధర ఎక్కువ. గీజరు 2 కిలోవాట్లు, మెషిన్ హీటరు ఇంకో 2 కిలోవాట్లు ఒకే 16 ఆంపియర్ల పాయింటు మీద ఎక్స్‌టెన్షన్ పెట్టి నడపకండి. రెండూ కలిస్తే 17 ఆంపియర్లు దాటుతుంది.

## బకెట్

నవ్వకండి. సెమీ ఆటోమేటిక్ ఉన్నవారికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. బాత్‌రూమ్‌లో బకెట్‌లో వేడి, చల్లని నీళ్లు చేతికి ఓర్చుకోదగినట్టు కలిపి తొట్టిలో పోయడమే. ఏ పైపూ ఏ పైపుతోనూ కలవదు. నడుము నొప్పి ఉన్నవారికి, మెషిన్ పై అంతస్తులో ఉన్నవారికి ఇది వర్తించదు.

## ఒక్కచోట చూస్తే

| దారి | లైన్లు కలిసే ప్రమాదం | గీజరు ఖాళీ అయ్యే ప్రమాదం | కరెంటు | గోడ పని |
|---|---|---|---|---|
| విడి చన్నీళ్ల కుళాయి | లేదు | లేదు | అతి తక్కువ | కొంత ఉండవచ్చు |
| ఇన్‌లెట్ టీ, వాల్వుకు ముందు | లేదు | వాల్వు బాగుంటే లేదు | అతి తక్కువ | లేదు |
| ఇన్‌లెట్ టీ, వాల్వు తరువాత | లేదు | ఎక్కువ | గీజరు వేడి వృథా | లేదు |
| ఔట్‌లెట్ నుంచి నేరుగా | లేదు | తక్కువ | చాలా ఎక్కువ | లేదు |
| వై జాయింటు | చాలా ఎక్కువ | తక్కువ | వృథా ఎక్కువ | లేదు |
| వై, రెండు ఎన్ఆర్‌వీలతో | తక్కువ | తక్కువ | ఎక్కువ | లేదు |
| రెండు ఇన్‌లెట్ల మెషిన్ | దాదాపు లేదు | తక్కువ | మధ్యస్థం | వేడి లైను లేకపోతే ఉంది |
| మెషిన్‌లోనే హీటరు | లేదు | లేదు | తక్కువ | లేదు |

## ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉంటే, బాత్‌రూమ్‌లోనే మెషిన్ పెట్టాల్సి వస్తే, ఇన్‌లెట్ టీ తీసుకోండి. పని జరుగుతున్నంతసేపు పక్కన నిలబడి టీ వాల్వుకు ముందు పడేలా చూడండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు టీ విప్పి తీసుకుపోవచ్చు.

కొత్త ఇల్లు కడుతున్నవారు, బాత్‌రూమ్ టైల్స్ మారుస్తున్నవారు యూటిలిటీలో ఒక చన్నీళ్ల పాయింటు, ఒక డ్రెయిన్ పాయింటు, విడిగా ఒక 16 ఆంపియర్ల సాకెట్ వేయించుకోండి. గోడ తెరిచి ఉండగానే వేడినీళ్ల పాయింటు కూడా వేసి మూత బిగించి ఉంచవచ్చు. ఎప్పటికైనా రెండు ఇన్‌లెట్ల మెషిన్ కొంటే పనికొస్తుంది, కొనకపోతే నష్టం లేదు.

పసిపిల్లలున్న ఇల్లు, అలర్జీలున్న ఇల్లు అయితే హీటరున్న మెషిన్‌కు డబ్బు పెట్టండి. ఆ డబ్బు లేనప్పుడు బకెట్ ఉంది.

పై అంతస్తువారు ఏది ఎంచుకున్నా ముందు ఒత్తిడి చూసుకోండి. మెషిన్ పెట్టే చోట కుళాయి పూర్తిగా తిప్పి 10 లీటర్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. రెండు నిమిషాలు దాటితే చిన్న ప్రెషర్ పంపు గురించి ఆలోచించాలి. పంపు వేశాక గీజరు ఎంత ఒత్తిడికి తయారైందో దాని మీది రేకులో చదవండి. ప్రెషర్ పంపు ఉన్న ఇంట్లో సేఫ్టీ వాల్వు లేని గీజరు ఒక్కరోజు కూడా ఉండకూడదు.

డాబా మీద సోలార్ హీటరున్నవారికి ఉచిత వేడినీళ్లు మెషిన్‌కు వాడుకోవాలనిపించడం సహజం. కానీ ఎండాకాలంలో ఆ నీళ్లు 80 డిగ్రీలు దాటుతాయి. వేడిని ఒక హద్దులో ఉంచే మిక్సింగ్ వాల్వు లేకుండా ఆ పైపు మెషిన్‌కు తగిలించకండి. ఆ వాల్వు, రెండు ఎన్ఆర్‌వీలు, పైపు పని అన్నీ లెక్కేస్తే, వారానికి రెండుసార్లు బట్టలు ఉతికే ఇంటికి ఆదా అయ్యే కరెంటు ఆ ఖర్చును తీర్చడానికి చాలా ఏళ్లు పడుతుంది. పెద్ద ఉమ్మడి కుటుంబాలకు, హాస్టళ్లకు లెక్క వేరు.

## ఇప్పటికే ఉన్న కనెక్షన్ సరిగ్గా ఉందా?

ప్లంబరును పిలవకముందే పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. గీజరు స్విచ్ ఆపండి. ఆపింది స్విచ్ దగ్గరే కాదు, బోర్డులోని ఎంసీబీ (ట్రిప్ స్విచ్) దగ్గర కూడా. గీజరుకు నీళ్లు వెళ్లే యాంగిల్ కాక్ పూర్తిగా మూయండి. టీ ఆ కాక్ తరువాత ఉంటే మెషిన్‌కు నీళ్లు ఆగిపోతాయి, అది మామూలే. మెషిన్ వెనకున్న కుళాయిలన్నీ మాత్రం తెరిచే ఉంచండి.

ఇప్పుడు బాత్‌రూమ్‌లో వేడినీళ్ల కుళాయి తిప్పండి. మిక్సరు ఉంటే దాని చన్నీళ్ల పిడి గట్టిగా కట్టేసి ఉండాలి. పైపులో మిగిలిన కొన్ని నీళ్లు కారి ధార ఆగిపోతే మీ లైన్లు కలవలేదు. ధార ఆగకుండా వస్తూనే ఉంటే చన్నీళ్లు ఎక్కడి నుంచో వేడి లైనులోకి వస్తున్నాయి. మెషిన్ కుళాయిలు ఒక్కొక్కటే కట్టేసి చూడండి. కట్టగానే ధార ఆగితే దొంగ దొరికినట్టే. అవి కట్టినా ఆగకపోతే ఇంకో బాత్‌రూమ్‌లోని మిక్సరో, తెరిచి ఉంచిన హ్యాండ్ షవరో కారణం కావచ్చు. పరీక్ష అయ్యాక కాక్ తెరిచి, వేడినీళ్ల కుళాయి నుంచి గాలి బుడగలు లేని నిండు ధార వచ్చేదాకా ఆగి, ఆ తరువాతే గీజరు స్విచ్ వేయండి.

టీ సరైన చోట ఉందో లేదో కళ్లతోనే చూడవచ్చు. కనపడకుండా పైకప్పు పలక వెనక ఉంటే, గీజరు బాగా కాగిన తరువాత మెషిన్ గొట్టం మొదలు మీద చెయ్యి పెట్టండి. చన్నీళ్లకని చెప్పిన గొట్టం వేడిగా ఉంటే టీ సేఫ్టీ వాల్వుకూ గీజరుకూ మధ్య పడిందని అనుమానించాలి. గీజరుకు ఆనుకుని ఉన్న పొట్టి పైపు వెచ్చగా ఉండటం మాత్రం సహజమే, దాన్ని చూసి కంగారు పడకండి.

మా ఇంట్లో వై తీసేసి, వేడినీళ్ల పాయింటుకు మూత బిగించి, చన్నీళ్ల పైపు ఒక్కటే మెషిన్‌కు ఇచ్చాం. టెఫ్లాన్ టేపు, ఒక మూత, ఒక వాషర్ పట్టాయి. ఆ సాయంత్రం ఫ్లష్ ట్యాంకు మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది.